శాతం అంటే దేనిలో శాతం?

శ్రోతలకు నమస్కారం. ఈ ప్రసంగం వింటున్నంతసేపు ఒక కాగితం, పెన్ను దగ్గర ఉంచుకోవలసిందిగా మనవి.

డిగ్రీ ముగించి ఎంబీఏలోనో ఎంసీఏలోనో చేరదలచినవారికి తెలంగాణలో జరిగే ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాల వ్యవధి ఉంటుంది. లెక్క వేస్తే ఒక్కో ప్రశ్నకు వచ్చేది 45 సెకన్లు. అందులో 75 ప్రశ్నలు గణితానివి కావడంతో, పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరవని బి.ఏ., బి.కాం. అభ్యర్థులు ముందే బెదిరిపోయి, ఆ భాగాన్ని వదిలేసి మిగతావి చదువుకుందామనుకుంటారు. ఆ నిర్ణయం సరైనది కాదని నా అభిప్రాయం. ఆ 75లో 35 ప్రశ్నలు అంకగణితం నుంచి వస్తాయి. శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, నిష్పత్తి, కాలం–పని వంటి ఈ పాఠాలన్నీ మనం బడిలో చదివినవే. మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకోవడం కొత్తగా నేర్చుకోవడమంత కష్టం కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే శాతాల దగ్గరే అంటాను. లాభనష్టాలైనా, వడ్డీ అయినా, మారువేషంలో ఉన్న శాతాలే. వంటనూనె ధర 20 శాతం పెరిగిందనుకుందాం. ఇంటి ఖర్చు పెరగకుండా ఉండాలంటే వాడకాన్ని ఎంత శాతం తగ్గించుకోవాలి? తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా ఎక్కువమంది తడుముకోకుండా 20 అనే చెబుతారు. కానీ 100 రూపాయలకు వచ్చే నూనెకు ఇప్పుడు 120 ఇవ్వాలి. మన దగ్గర ఉన్నది 100 మాత్రమే కాబట్టి, 120లో 20 రూపాయల నూనెను వదులుకోవాలి. అది ఆరో వంతు, అంటే పదహారున్నర శాతం కన్నా కొంచెం ఎక్కువ. పెరిగినప్పుడు 100 మీద లెక్క, తగ్గించేటప్పుడు 120 మీద లెక్క. శాతం అన్న మాట వినబడగానే ‘దేనిలో’ అని అడిగే అలవాటు చేసుకుంటే ఈ పొరపాటు జరగదు. ఆషాఢంలో బట్టల దుకాణం వారు 50 శాతం తగ్గింపు మీద మరో 20 శాతం అన్నప్పుడు, మొత్తం తగ్గింపు 70 కాదు, 60 అని తెలిసేది కూడా ఈ ప్రశ్నతోనే. రెండో తగ్గింపు మిగిలిన యాభై మీద కదా!

వడ్డీ లెక్కలో మనవాళ్లకు ఒక అనుకూలత ఉంది, ఒక చిక్కూ ఉంది. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రశ్నపత్రంలో వడ్డీరేటు సాధారణంగా సంవత్సరానికి ఇస్తారు కాబట్టి అది 24 శాతం అవుతుంది. మహిళా సంఘాలకు ప్రభుత్వం అమలు చేసిన పావలా వడ్డీ కూడా ఇలాంటిదే. నూటికి నెలకు 25 పైసలంటే ఏడాదికి 3 శాతం. ఇక చక్రవడ్డీకి వస్తే, 10,000 రూపాయలకు 10 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ 2,000, చక్రవడ్డీ 2,100. ఆ తేడా వంద రూపాయలు మొదటి ఏడాది వచ్చిన వెయ్యి రూపాయల వడ్డీకి వడ్డీ. సూత్రం మరిచిపోయినా ఈ వంద ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంటే చాలు.

కాలం–పని లెక్కలకు కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, చాలు. ఒకరు 10 రోజుల్లో, మరొకరు 15 రోజుల్లో చేసే పని ఉంటే, 10, 15ల కసాగు 30 కాబట్టి దాన్ని 30 బుట్టల మట్టి ఎత్తడం అనుకోండి. రోజుకు ఒకరు మూడు బుట్టలు, మరొకరు రెండు. కలిసి అయిదు, కనుక ఆరు రోజులు. భిన్నాలతో కుస్తీ పట్టనక్కరలేదు. నీటి తొట్టి, గొట్టాల లెక్కలూ ఇంతే. బీజగణితం, రేఖాగణితాలకు ఉన్న 30 ప్రశ్నల్లో సమితులు, శ్రేఢులు, మాత్రికల వరకు అందరూ చూసుకోవచ్చు. సాంఖ్యకశాస్త్రం నుంచి వచ్చే 10 ప్రశ్నలను మాత్రం వదలవద్దు.

తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి చివరి నిమిషాల్లో ఏ ప్రశ్ననూ ఖాళీగా ఉంచనవసరం లేదు. అంతకుముందు మాత్రం వేగం కావాలి, దానికి కొన్ని భిన్నాలు నోటికి రావాలి. ఇక్కడ మన పెద్దల నాణేలు భలే పనికొస్తాయి. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు. అణా అంటే ఆరుంపావు శాతం, బేడ అంటే పన్నెండున్నర, పావలా అంటే ఇరవై అయిదు. ఇంట్లో తాతగారో నాయనమ్మగారో ఉంటే ఆ లెక్కలు వారినే అడగండి.

ఇప్పుడు కాగితం తీయండి. ఒక వ్యాపారి సరుకు ధరను పావలా వంతు పెంచి, అది అమ్ముడుపోక, పెంచిన ధర మీద మళ్లీ పావలా వంతు తగ్గించాడు. 100 కాస్తా 125 అయింది. 125లో నాలుగో వంతు 31 రూపాయల 25 పైసలు. అది తీసేస్తే మిగిలింది 93 రూపాయల 75 పైసలు. పెంచినంతే తగ్గించానని అతను అనుకుంటున్నాడు కానీ, పాత ధర మీద చూస్తే రూపాయికి సరిగ్గా ఒక అణా పోయింది.