జనవరి 7న మా అన్న వాళ్ళింట్లో | యెలహంక వ్లాగ్

నమస్తే అండీ అందరికీ. టొరాంటో నుంచి వచ్చి ఇవాల్టికి నాలుగో రోజు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ప్రస్తుతం యెలహంకలో మా అన్న వాళ్ళింట్లో ఉన్నాను. వదిన ఉగ్గానికి బొరుగులు నానబెట్టింది, పొయ్యి మీద మిరపకాయ బజ్జీలకి నూనె కాగుతోంది. సంక్రాంతి షాపింగ్ చూపిస్తానని చెప్పాను కదా, అది వచ్చే వారం పెడతాను. ఇవాళ జనవరి 7. ఈ తేదీ మా అన్నకి ముఖ్యం కాబట్టి నాకూ ముఖ్యమే.

2020లో ఇదే రోజు నీల్ పీర్ట్ చనిపోయారు. కెనడా రాక్ బ్యాండ్ 'రష్'కి డ్రమ్మర్ ఆయన. పాటలు రాసేదీ ఆయనే. మెదడులో గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వచ్చింది, వయసు 67. మూడున్నరేళ్ళు ఆ జబ్బుతో పోరాడుతున్నా బయట ఎవరికీ తెలియదు. దగ్గరివాళ్ళు కొద్దిమందికి తెలుసు, వాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. పోయిన మూడు రోజులకి, అంటే పదో తేదీన, లోకానికి చెప్పారు. టొరాంటో పక్కనే మా ఊరు మిస్సిసాగాలో నేను పిల్లల్ని పడుకోబెట్టి గిన్నెలు సర్దుకుంటుంటే అన్న ఫోన్. బెంగళూరులో అప్పుడు తెల్లారింది. "నీల్ పోయాడమ్మా" అన్నాడు, అంతే. మా నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే రెండు మాటల్లో చెప్పాడు. గొంతు కూడా అదే.

అప్పటి నుంచి ఏటా ఈ రోజు సాయంత్రం అన్న, ఇంజనీరింగ్ నాటి ఫ్రెండ్ ఒకాయన, పై ఫ్లోర్‌లో ఉండే కుర్రాడు, ముగ్గురూ ఈ హాల్లో కూర్చుని పాటలు వింటారు. ఫ్రెండ్‌ది ప్రొద్దుటూరు. కుర్రాడిది కర్నూలు, ఇక్కడే ఐటీలో ఉద్యోగం. నీల్ పోయాకే అతనికి ఈ బ్యాండ్ గురించి తెలిసిందట. నేను ఈ కూర్చోవడంలో ఉండటం ఇదే మొదటిసారి. కెమెరా ఫ్రిజ్ మీద పెట్టాను, మాటలన్నీ వినపడతాయి.

తొంభైల్లో మా అన్న ఇక్కడ హాస్టల్లో ఉండి చదివేటప్పుడు రూమ్మేట్ ఒక తొంభై నిమిషాల క్యాసెట్ రికార్డు చేసి ఇచ్చాడు. సెలవులకి హిందూపురం వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. టేప్ లాగేస్తే పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేసేవాణ్ణి అని ఇవాళ కూడా ఆ కుర్రాడికి చేత్తో చూపిస్తున్నాడు. బెంగళూరులో రాక్ అంటే మొదటి నుంచీ ప్రాణం పెడతారు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు ఈ ఇద్దరు ఫ్రెండ్సూ వెళ్ళి నిలబడి చూశారు. రష్ మాత్రం ఇండియాకి రానే లేదు. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లో చివరి షో అయిపోయింది. ఆ రోజు చివర్లో నీల్ డ్రమ్స్ వెనక నుంచి లేచి స్టేజీ ముందుకొచ్చి బ్యాండ్‌లో మిగతా ఇద్దరినీ, గెడ్డీ లీనీ, అలెక్స్ లైఫ్సన్‌నీ కావలించుకున్నారు. మామూలుగా షో అయిపోగానే వెనక నుంచి వెనకే వెళ్ళిపోయే మనిషి. ఆ వీడియో టీవీలో పెట్టగానే హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

నేను ఒకటి తెచ్చాను, అది అన్నకి ఇచ్చాను. మా ఊరి నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే సెయింట్ క్యాథరిన్స్ వస్తుంది. అక్కడ పోర్ట్ డల్హౌసీలో, ఒంటారియో సరస్సు ఒడ్డున, లేక్‌సైడ్ పార్క్ ఉంది. నీల్ పెరిగింది ఆ చుట్టుపక్కలే. పార్కులో పెవిలియన్‌కి ఇప్పుడు ఆయన పేరు పెట్టారు. పాతకాలపు రంగులరాట్నం ఒకటుంది, ఇప్పటికీ ఐదు సెంట్లకే తిప్పుతారు. మా పాప నాలుగుసార్లు ఎక్కింది. ఆ ఒడ్డున ఒక గులకరాయి ఏరుకొచ్చాను. బూడిదరంగు, మధ్యలో సన్నటి తెల్ల గీత. అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి దేవుడి అలమర కింది అరలో, నాన్న కళ్ళజోడు పక్కన పెట్టాడు.

ఇప్పుడు టొరాంటో విమానాశ్రయం సంగతి చెప్పాలి. మన బెంగళూరు టికెట్ మీద బీఎల్ఆర్ అని ఉన్నట్టే, టొరాంటోకి వైవైజెడ్ అని ఉంటుంది. రష్‌కి అదే పేరుతో మాటల్లేని పాట ఉంది, 1981 ఆల్బమ్‌లోది. విమానాలకి దారి తెలియడానికి విమానాశ్రయం రేడియోలో తన అక్షరాలను మోర్స్ కోడ్‌లో, అంటే పొడుగు, పొట్టి చప్పుళ్ళుగా, పంపుతూ ఉంటుంది. ఆ టకటకలు విని వీళ్ళు దాన్నే పాటకి మొదలుగా చేసుకున్నారు. ముందు నీల్ చిన్న కంచు తాళాల్లాంటి వాటి మీద ఆ కోడ్ వాయిస్తారు, తర్వాత మిగతా ఇద్దరూ కలుస్తారు. నేను మొదటిసారి కెనడా వెళ్ళిన రోజు కెంపేగౌడ ఎయిర్‌పోర్టులో, ఏడుపు ఆపుకోలేక నిలబడి ఉంటే, అన్న ట్రాలీ హ్యాండిల్ మీద వేళ్ళతో అదే కొట్టాడు. "నువ్వు దిగే ఊరి పేరిది, భయం దేనికి?" అన్నాడు.

ఇవాళ కూడా డైనింగ్ టేబుల్ మీద అదే మొదలుపెట్టాడు. టాం ట టాం టాం, టాం ట టాం టాం, టాం టాం ట ట. వదిన వాళ్ళమ్మగారు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. హిందూపురం హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరయ్యారు, నేను అత్తయ్యా అనే పిలుస్తాను.

"ఏం నాయనా అది? మళ్ళీ కొట్టు" అన్నారు.

అన్న మళ్ళీ కొట్టాడు. ఆవిడ పెన్ను అడిగి పాల బిల్లు వెనక రాయడం మొదలుపెట్టారు. పొడుగు దెబ్బ వచ్చినచోట గురువు గుర్తు, పొట్టి దెబ్బకి నిలువు గీత. "గురువు, లఘువు, గురువు, గురువు. ర గణం, దాని మీద ఇంకో గురువు. రెండోదీ అదే. మూడోది త గణం, ఒక లఘువు" అన్నారు. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. కింద ఏడు, ఏడు, ఆరు అని వేసి కూడితే ఇరవై. మోర్స్ కోడ్ అంటే ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పై ఫ్లోర్ కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు. "అక్కా, దీన్నే మా డ్రమ్స్ సార్ టెన్ బై ఎయిట్ తాళం అని చెప్తాడు, నెల రోజులు పట్టింది నాకు" అన్నాడు. అన్న ఫ్రెండ్ చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. ఆయన తొడ మీద తాళం వేసి, ఇరవై అంటే ఐదేసి మాత్రల ఖండాలు నాలుగు, ఖండ చాపులో చక్కగా కూర్చుంటుంది అని వేసి చూపించాడు. అందరం కలిసి పదిసార్లు కొట్టాం. ఆ పాల బిల్లు నేను దాచుకున్నాను.

ఇక అసలు విషయం. గెడ్డీ, అలెక్స్ మళ్ళీ వాయిస్తున్నామని 2025 అక్టోబరులో చెప్పారు. ఈ ఏడాది, 2026లో టూర్. డ్రమ్స్ మీద అనిక నిల్లెస్ అనే జర్మన్ అమ్మాయి కూర్చుంటుంది. 2022లో గిటారిస్ట్ జెఫ్ బెక్‌తో వాయించిన అమ్మాయి. నీల్ రెండో భార్య, వాళ్ళ కూతురు కూడా సంతోషంగా ఒప్పుకున్నారు. టొరాంటోలో కూడా షోలు ఉన్నాయి. నేను మూడు టికెట్లు కొన్నాను. ఒకటి అన్నకి. ఎలా చెప్పాలా అని నాలుగు రోజులుగా టెన్షన్ పడుతున్నాను, ఎందుకంటే అన్న ఒకటే మాట మీద ఉన్నాడు: ఆ స్టూల్ మీద ఇంకొకరు కూర్చుంటే చూడను.

కుర్రాడు ఒప్పుకోలేదు. "అంకుల్, నీల్ కూడా 1974లో ఇంకొకరి స్టూల్ మీదే కదా కూర్చున్నాడు" అన్నాడు. నిజమే, మొదటి ఆల్బమ్‌లో వాయించింది జాన్ రట్సీ. అన్న దానికి, నీల్ అంటే వాయించడం ఒక్కటే కాదు అని మొదలుపెట్టాడు. 1997లో కారు ప్రమాదంలో అప్పటికున్న ఒక్కగానొక్క కూతురు పోయింది, ఏడాది తిరక్కుండా మొదటి భార్య క్యాన్సర్‌తో పోయింది. ఆయన మోటార్‌సైకిల్ తీసుకుని 88,000 కిలోమీటర్లు తిరిగారు. మిగతా ఇద్దరూ ఇంకో డ్రమ్మర్‌ని వెతుక్కోకుండా ఆయన కోసం ఆగారు. 2002లో మళ్ళీ ఆల్బమ్ వచ్చింది. "అప్పుడు ఆగినవాళ్ళు ఇప్పుడు ఆగలేరా?" అన్నాడు. అలా అన్నప్పుడు అన్న కళ్ళలో నీళ్ళు. నేనేమీ అనలేదు. నాకూ కొన్నాళ్ళు అలాగే ఉండేది. తొంభైల్లో, అంత పేరు వచ్చాక కూడా, నీల్ ఫ్రెడ్డీ గ్రూబర్ అనే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నారని చదివాక నా మనసు మారింది. అంత నేర్చుకునే మనిషి, ఇంకొకరు నేర్చుకుని వచ్చి కూర్చుంటే వద్దంటారని నాకు అనిపించదు.

అత్తయ్య చిక్కుళ్ళు పక్కకి జరిపారు. "నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో వదిలేశారు కదా నాయనా. తిక్కనగారు ఆ ముక్క జోలికి పోకుండా విరాటపర్వం అందుకున్నారు. ఆ మిగిలింది ఎన్నాళ్ళో అట్లాగే ఉండిపోయింది. ఎర్రన వచ్చి పూర్తి చేశాడు. అంకితం ఎవరికిచ్చాడు?"

అన్నకి తెలుసు, స్కూల్లో ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. "రాజరాజ నరేంద్రుడికి" అన్నాడు.

"ఆ రాజు పోయి రెండొందల ఏళ్ళు దాటింది అప్పటికి. అయినా నన్నయ ఎవరికిచ్చాడో ఆయనకే ఇచ్చాడు. ఆ అమ్మాయి కూడా అట్లా కూర్చుంటే, కూర్చోనీ."

ఆవిడ మళ్ళీ కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టారు. అన్న మాట్లాడకుండా లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. వదిన బజ్జీల ప్లేటు తెచ్చి పెట్టింది, ఫ్రెండ్ ఉగ్గాని రెండోసారి వడ్డించుకున్నాడు. నేను ఫోన్‌లో టికెట్లు తెరిచి బాల్కనీలోకి వెళ్ళి అన్న చేతిలో పెట్టాను. మూడు సీట్లూ పక్కపక్కనే. అన్న స్క్రీన్‌ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు, మళ్ళీ చిన్నది చేశాడు. గ్రిల్ మీద వేళ్ళు మెల్లగా ఆడుతున్నాయి, ఏడు, ఏడు, ఆరు.

లోపలికి వచ్చి ఫోన్ నాకిచ్చేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వదినని అడిగాడు: "నా పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో కొంచెం చూస్తావా?"