ఫోన్-ఇన్: పిల్లల కంటి అలర్జీకి స్టెరాయిడ్ ఇంజెక్షన్

యాంకర్: ఉప్పల్ నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం వచ్చిందంటే కళ్లు నలుపుతూనే ఉంటాడు. ఎర్రగా అయిపోతాయి, తీగల్లా పుసి వస్తుంది, వెలుతురు చూడలేడు. మూడేళ్ల నుంచి ఇదే. చుక్కలు వేస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. ఇప్పుడు రెప్పలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయాలన్నారు. మా అత్తమ్మ వద్దంటున్నారు, చూపు పోతుందని. ఒకటే టెన్షన్ సార్.

డాక్టర్: ఆ చుక్కలు ఎవరు రాశారమ్మా?

కాలర్: మొదట డాక్టరే రాశారు. తర్వాత అదే చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నాం.

డాక్టర్: వద్దమ్మా, అలా పాత చీటీతో షాపులో తెచ్చుకోవడం మానేయండి. అందులో స్టెరాయిడ్ ఉంటే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి పిల్లాడు చెప్పడు. ఈలోపు నరం దెబ్బతింటుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా రావచ్చు. ప్రెషర్ చూశారా?

కాలర్: చూసినట్టున్నారు... సార్, సూది కనుగుడ్డులోకి గుచ్చుతారా?

డాక్టర్: లేదు. పై రెప్పను తిరగేసి లోపలి పొర కింద ఇస్తారు. చిన్నపిల్లలు కదలకుండా మత్తు ఇచ్చి చేస్తారు. మీరు చెప్పేది వెర్నల్ అలర్జీలాగే ఉంది, అంటే పిల్లలకు ఎండాకాలంలో ఎక్కువయ్యే కంటి అలర్జీ. అది ముదిరితే రెప్ప లోపల పెద్ద పెద్ద బొడిపెలు లేస్తాయి. నల్లగుడ్డుకు రాసుకుని పుండు పడుతుంది. చుక్కలకు లొంగనప్పుడే ఈ ఇంజెక్షన్. చాలామంది పిల్లలకు కొద్ది రోజుల్లోనే హాయిగా ఉంటుంది. కానీ జబ్బు పూర్తిగా పోదు, కొన్ని నెలలకు తిరగబెట్టొచ్చు. అందుకే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని మందుల గురించి కూడా మీ డాక్టర్‌ను అడగండి.

కాలర్: అయితే గుడ్డుకు ఏం కాదు కదా సార్? లోపలికి గుచ్చరు కదా?

డాక్టర్: గుచ్చరు తల్లీ, భయపడకండి. నా భయం వేరే. చుక్కలైతే ఆపేయొచ్చు. ట్రయామ్సినోలోన్ లాంటి ఇంజెక్షన్ ఒకసారి ఇచ్చాక వారాల తరబడి లోపలే పనిచేస్తుంది. అందుకే ముందూ తర్వాతా ప్రెషర్ చూపించాలి. మామూలుగా అది 10 నుంచి 21 mmHg మధ్య ఉంటుంది. బాబు బాగున్నాడని చెకప్ మానేయొద్దు. డబ్బు ఇబ్బంది ఉంటే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. మల్కాజిగిరి నుంచి?

కాలర్: సార్, ఈ అలర్జీ పెద్దయ్యాక దానంతట అదే తగ్గుతుందంటారు, నిజమేనా?

డాక్టర్: చాలామందికి యుక్తవయసు దాటేసరికి తగ్గుతుంది. అప్పటిదాకా కళ్లు నలపనివ్వకండి. నలిపి నలిపి నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకురావచ్చు, దాన్ని కెరటోకోనస్ అంటాం. దురద పెడితే చల్లటి తడిగుడ్డ వేయండి.

యాంకర్: కూకట్‌పల్లి కాలర్, త్వరగా చెప్పండి.

కాలర్: మా పాపకూ ఇదే సార్. షాపులో ఏ చుక్కలు అడగమంటారు?

డాక్టర్: ఇంతసేపూ చెప్పింది అదే కదండీ! షాపులో అడగొద్దు. పాపను కంటి డాక్టర్‌కు చూపించండి, ప్రెషర్ చూడమనండి.

యాంకర్: ధన్యవాదాలు సార్. తర్వాతి కాలర్... హలో? లైన్ కట్ అయింది. చిన్న విరామం.