అమ్ముడుపోని గాజు కుళాయి

సభకు వచ్చిన పెద్దలకు, ఈ పూట మగ్గం ఆపి వచ్చిన అన్నలకు, అక్కలకు, ఇంజినీరింగ్ పిల్లలకు నమస్కారం.

ఫిన్‌టెక్ కంపెనీ, అంటే డబ్బు లావాదేవీలను టెక్నాలజీతో నడిపే కంపెనీ, పెట్టినవాళ్లలో ఎవరో ఒకరి గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. చేతిపని చేసేవాళ్లు సగం మంది ఉన్న సభ కాబట్టి, చేతిపని చేసే మనిషి కథనే ఎంచుకున్నాను. ఆయన పేరు జిమ్ మెకెల్వీ. ఊరు అమెరికాలోని సెయింట్ లూయిస్. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపారు. కానీ ఆయన మనసు పడ్డది గాజు మీద. కొలిమిలో గాజు కరిగించి, గొట్టంతో ఊది వస్తువులు చేస్తారు. 2002లో ఒక స్నేహితుడితో కలిసి థర్డ్ డిగ్రీ గ్లాస్ ఫ్యాక్టరీ అనే స్టూడియో కూడా పెట్టారు.

ఒకరోజు ఒకావిడ ఆయన చేసిన గాజు కుళాయి కొంటానని ఫోన్ చేసింది. ధర దాదాపు 2,000 డాలర్లు. ఆవిడ దగ్గర ఉన్నది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు. ఆయన స్టూడియో ఆ కార్డు తీసుకోలేదు. అంతే, బేరం పోయింది.

ఇది వింటే నాకు మా పిన్ని గుర్తొస్తుంది. ఆమెది చిన్న చీరల కొట్టు. స్వైపింగ్ మెషిన్ కోసం ఒక బ్యాంకుకి మూడుసార్లు తిరిగింది. మీ వ్యాపారం చాలదన్నారు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు నాలుగు చీరలు పక్కన పెట్టించి, ఏటీఎంకి వెళ్లొస్తాం అని చెప్పి వెళ్లేవారు. ఆమె ఆ చీరలు మడత పెట్టకుండా సాయంత్రం దాకా అలాగే ఉంచేది. వాళ్లు వచ్చేవారు కాదు. చేసిన పనికి విలువ లేక బేరం పోతే బాధ ఒక రకం. విలువ ఉండి, కొనేవాడు ఉండి, డబ్బు దాటే దారి లేక పోతే ఆ కడుపుమంట వేరు. ఆ మంట తెలిసిన మనిషి పెట్టిన కంపెనీ కాబట్టే ఈ కథ చెప్పడం నాకిష్టం.

మెకెల్వీ అప్పుడు చేతిలో ఉన్న ఐఫోన్ వైపు చూశారు. అదే ఫోన్ మ్యాప్ అవుతోంది, పుస్తకం అవుతోంది, కార్డు మెషిన్ ఎందుకు కాకూడదు అనుకున్నారు. ఒకప్పుడు ఆయన కంపెనీలో ఇంటర్న్‌గా చేరిన కుర్రాడు జాక్ డోర్సీ. ఆ కుర్రాడు తర్వాత ట్విట్టర్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 2009లో ఇద్దరూ కలిసి స్క్వేర్ అనే కంపెనీ మొదలుపెట్టారు.

పిల్లలు ఇది జాగ్రత్తగా వినండి. కార్డు వెనక నల్ల పట్టీ ఉంటుంది కదా, అది పాత క్యాసెట్ టేపు లాంటిదే. దాని మీద అయస్కాంతపు రాత ఉంటుంది. టేప్ రికార్డర్‌లో టేపును చదివే హెడ్‌ను ఓ చిన్న చదరపు డబ్బాలో పెట్టి, ఫోన్‌కు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో గుచ్చారు. కార్డు గీకితే ఆ రాత శబ్దపు తరంగంలా ఫోన్‌లోకి వెళ్తుంది, యాప్ దాన్ని అంకెలుగా చదువుతుంది. ఛార్జింగ్ పోర్టు వాడాలంటే ఆపిల్ అనుమతి కావాలి. ఇయర్‌ఫోన్ రంధ్రానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే నా లెక్కలో పరికరం కన్నా గొప్పది దాని చుట్టూ వాళ్లు మార్చిన షరతులు. అప్పట్లో కార్డు తీసుకోవాలంటే ఏళ్ల తరబడి ఒప్పందం, నెలనెలా కనీస రుసుము, అర్థం కాని బిల్లు. స్క్వేర్ కంపెనీ ఆ డబ్బాను, అంటే కార్డు రీడర్‌ను, ఉచితంగా ఇచ్చింది. నెల అద్దె తీసేసింది. ఏ కార్డు గీకినా ఆ సొమ్ములో 2.75 శాతం రుసుము అని ఒకే లెక్క పెట్టింది. సంతలో కూరగాయలు అమ్మే మనిషి కూడా ఫోన్‌లోనే ఖాతా తెరుచుకోగలిగాడు.

2014లో అమెజాన్ ఇంకా తక్కువ రుసుముతో ఇలాంటి రీడరే తెచ్చింది. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోండి. అయినా స్క్వేర్ ధర తగ్గించలేదు, తన పని తాను చేసుకుపోయింది. 2015 అక్టోబర్‌లో అమెజాన్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. నవంబర్‌లో స్క్వేర్ 9 డాలర్ల చొప్పున షేర్లు అమ్మి మార్కెట్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు బ్లాక్.

ఇక్కడ ఒక చేదు విషయం దాచకుండా చెప్పాలి. అదే వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ మోర్లీ అనే ప్రొఫెసర్, ఆ రీడర్ నా ఆవిష్కరణ, నన్ను పక్కన పెట్టారు అని 2014లో కోర్టుకెక్కారు. 2016లో స్క్వేర్ 5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మెకెల్వీ మీద నాకున్న గౌరవం దీనితో పోలేదు. కానీ ఆ పేరు చెప్పకుండా ఆయన కథ చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు. నేసినవాడి పేరు చీర మీద ఉండదని తెలిసిన మీకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

డబ్బు వచ్చాక కూడా ఆయన సెయింట్ లూయిస్‌ను వదల్లేదు. 2013లో అక్కడే లాంచ్‌కోడ్ అనే సంస్థ మొదలుపెట్టారు. డిగ్రీలు లేకపోయినా కోడింగ్ నేర్పి ఉద్యోగాల్లో పెట్టడం దాని పని.

మన దగ్గర 2016లో యూపీఐ వచ్చింది. ఒక కంపెనీ పెట్టెతో పని లేకుండా, అట్టముక్క మీద క్యూఆర్ కోడ్‌తో పని జరిగిపోతోంది. మా పిన్ని కొట్లో గల్లాపెట్టె పక్కనే ఆ అట్ట ఉంది. ఏటీఎంకి వెళ్లొస్తామనే మాట ఆమె విని చాలా ఏళ్లయింది.

అయితే ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ డబ్బు నెలల తరబడి రాకపోవడం, ఆన్‌లైన్‌లో అమ్మాక వాపసు వచ్చిన చీర ఖర్చు మీ మీదే పడటం, ఇలాంటివి మీకు ఇంకా ఉన్నాయని టీ తాగేటప్పుడు కొందరు చెప్పారు. ఇంజినీరింగ్ పిల్లలు పుస్తకాలు తెరిచి రాసుకోండి. ముందు వరసలో ఉన్న అక్కా, మీ డబ్బు ఎక్కడ ఆగిపోతోందో మీరే మొదలుపెట్టి చెప్పండి. మైకు ఇటు ఇస్తున్నాను.