తవ్వేవాళ్ల చదువుకు చేరిన గని డబ్బు

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది కెనడా మదుపరి పియర్ లసోండ్ గురించి. 1947లో క్యూబెక్‌లో పుట్టారు. మాంట్రియల్ పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్, ఆ తర్వాత అమెరికాలో యూటా యూనివర్సిటీలో ఎంబీఏ చదివారు. 1980ల మొదట్లో సీమోర్ షూలిక్‌తో కలిసి ఫ్రాంకో-నెవాడా కంపెనీ మొదలుపెట్టారు.

వాళ్ల సంపదకు మూలం రాయల్టీ. గని నుంచి అమ్ముడైన బంగారంలో చిన్న శాతం మనకు రావాలని ముందే డబ్బు కట్టి హక్కు కొనుక్కోవడం అన్నమాట. డీజిల్ ధర పెరిగినా, గనిలో నీళ్లు ఊరినా, యంత్రాలు పాడైనా ఆ ఖర్చు, ఆ టెన్షన్ గని యజమానివే, కానీ అదే భూమిలో ఇంకా లోతున కొత్త నిక్షేపం దొరికితే మాత్రం పైసా పెట్టకుండా మన వాటా కూడా పెరుగుతుంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని గోల్డ్‌స్ట్రైక్ గనిలో సరిగ్గా ఇదే జరిగింది. 1980ల మధ్యలో 20 లక్షల డాలర్లకు అక్కడి రాయల్టీ కొన్నారు, ఆ తర్వాత ఆ గనిని బ్యారిక్ అనే బంగారు గనుల కంపెనీ కొని లోతుగా డ్రిల్లింగ్ చేస్తే భారీ నిక్షేపం బయటపడింది. ఆ ఒక్క రాయల్టీ మీద ఇప్పటిదాకా 100 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది! 2002లో ఫ్రాంకో-నెవాడా న్యూమాంట్ అనే గనుల కంపెనీలో కలిసిపోయింది, 2007లో మళ్లీ విడిగా షేర్ మార్కెట్లోకి వచ్చింది.

మరి ఆ బంగారాన్ని వెతికిందీ తవ్విందీ ఎవరు? జియాలజిస్టులు, మైనింగ్ ఇంజినీర్లు. అందుకే ఆయన ఇచ్చిన విరాళాల్లో నాకు బాగా నచ్చినవి ఇంజినీరింగ్ చదువుకు వెళ్లినవే. టొరంటో యూనివర్సిటీలో ఖనిజ ఇంజినీరింగ్ కోర్సు ఆయన పేరు మీదే నడుస్తోంది. 2011లో యార్క్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ స్కూలుకు 2.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. యూటాలో విద్యార్థులు ఉండే గదులూ, వ్యాపార ఆలోచనలను చేసి చూసుకునే వర్క్‌షాపూ ఒకే భవనంలో ఉండేలా కట్టిన లసోండ్ స్టూడియోస్ 2016లో తెరిచారు. భవనాల మీద పేరు కోసమే ఇదంతా అనేవాళ్లుంటారు, ఉండనివ్వండి, లోపల చదువుకునే పిల్లలకు దాంతో పనిలేదు.

ఆయన భార్య క్లాడెట్ మెకే-లసోండ్ గురించి కూడా చెప్పాలి. ఆమె న్యూక్లియర్ ఇంజినీర్, ఒంటారియో ఇంజినీర్ల సంఘానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ, 2000లో చనిపోయారు. మాంట్రియల్ పాలిటెక్నిక్‌లో ఒక భవనానికి ఆమె పేరు పెట్టారు. యార్క్‌లోని లసోండ్ స్కూలు కూడా ఇంజినీరింగ్‌లో అమ్మాయిలూ అబ్బాయిలూ సగం సగం ఉండాలనే లక్ష్యం పెట్టుకుంది.