ఆదిజె గోడ వెనక వెరోనా

సభకు నమస్కారం.

ఇటలీలోని వెరోనా పేరు చెప్పగానే చాలామందికి షేక్స్‌పియర్ నాటకంలోని జూలియెట్ బాల్కనీ గుర్తొస్తుంది. దాని సంగతి ముందే తేల్చేద్దాం. అది 1930ల చివర్లో, చూడవచ్చేవాళ్ల కోసం, పాత రాతి పలకలు తెచ్చి గోడకు అమర్చిన బాల్కనీ. ఇక నేను మాట్లాడబోయేది ఆ ఊరి నది గురించి. నదికీ ఊరికీ మధ్య ఇవాళ ఒక ఎత్తయిన గోడ ఉంది. అది ఎందుకు లేచిందో తెలిస్తే వెరోనా సగం తెలిసినట్టే.

ఆదిజె నది ఆల్ప్స్‌లో రేసియా కనుమ దగ్గర, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున పుడుతుంది. 410 కిలోమీటర్లు పారి, వెనిస్‌కు దక్షిణంగా ఏడ్రియాటిక్‌లో కలుస్తుంది. ఇటలీలో పో తర్వాత ఇదే పొడవైన నది. కొండలు దాటి మైదానంలో అడుగుపెట్టే చోట పాములా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక ఒడిలో ఉంది వెరోనా. నదికి ఏటా రెండు పోట్లు. మే, జూన్‌లలో మంచు కరిగి వచ్చేది నింపాదిగా వస్తుంది. శరదృతువు వానలకు వచ్చేది ఉన్నపళంగా మీద పడుతుంది. ఊరిని ముంచిన పెద్ద వరదలు ఆ రెండో రకమే.

రోమన్లు ఈ మెలికను కందకంలా వాడుకున్నారు. నీరు చుట్టుకున్న నేల మీద చదరంగపు గళ్లలా వీధులు వేసి, నది లేని వైపు గోడ కట్టారు. మొదటి శతాబ్దంలో కట్టిన అరేనా, అంటే జనం చుట్టూ కూర్చుని ఆటలు చూసే రాతి ప్రదర్శనశాల, ఆ గోడకు వెలుపలే ఉండిపోయింది. క్రీ.శ. 265లో గల్లియెనుస్ చక్రవర్తి గోడను పొడిగించి అరేనానూ లోపలికి తెచ్చాడు. శత్రువు చేతికి చిక్కితే అంత రాతి కట్టడం వాడికి కోటగా పనికొస్తుంది మరి. ఆ పని ఏప్రిల్‌లో మొదలై డిసెంబరులో ముగిసిందని పోర్తా బోర్సారి ద్వారం మీది శాసనం చెబుతుంది. 1117 భూకంపం తర్వాత అరేనా బయటి వలయంలో నాలుగు కమానులే మిగిలాయి. లోపలి వలయపు 72 కమానులు మాత్రం నిలిచి ఉన్నాయి. 1913 ఆగస్టు 10న అక్కడ 'ఐదా' ఒపేరా ఆడినప్పటి నుంచీ అది ఎండాకాలపు ఒపేరా వేదిక.

రైలు రాక ముందు ఆదిజె ఒక రహదారి. ఎగువన బోల్జానో దిగువనున్న బ్రోన్జోలో దగ్గర దుంగలను తెప్పలుగా కట్టి, వాటి మీద సరుకు ఎక్కించి వదిలేవారు. వెరోనా చేరాక సరుకుతో పాటు తెప్పనూ విప్పి కలపగా అమ్మేవారు. ఒడ్డున సుంకపు కొట్లు ఉండేవి. నది మధ్యలో పడవల మీద తేలే పిండిమరలను గొలుసులతో కట్టి ఉంచేవారు. తెప్పల వ్యాపారాన్ని దెబ్బతీసింది వరద కాదు, 1859లో బోల్జానో దాకా పడిన రైలు మార్గం. నది మీద బతికే జనం తగ్గిన తర్వాతే పెద్ద వరద వచ్చింది. గోడకు ఊరు అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ వరద 1882 సెప్టెంబరులో వచ్చింది. ఎగువన కుండపోత. ఊళ్లో ఇళ్ల పునాదులు నేరుగా నీళ్లలోంచే లేచేవి కాబట్టి నదికి పక్కకు ఒదిగే చోటు లేదు. వంతెనల కమానులు ఇరుకు, దిమ్మెలు లావు. గొలుసులు తెగిన మరలు, కొట్టుకొచ్చిన దుంగలు ఆ కమానులకు అడ్డం పడ్డాయి. వెనక నీటిమట్టం పెరిగి వీధుల్లోకి తిరిగింది. నీరు ఎంత వచ్చిందన్నది సగం కథే. దాన్ని ఊరు ఎక్కడెక్కడ పట్టి ఆపిందన్నది మిగతా సగం.

1885 నుంచి 1895 వరకు నది రెండు వైపులా 'మురాల్యోని' కట్టారు. కరకట్ట అంటే మనకు మట్టికట్ట మెదులుతుంది. ఇవి రాతి గోడలు, వాటి వెనక రోడ్లు. అంచునున్న ఇళ్లు కూల్చారు. మరలు పోయాయి. నది ఒక పాయ చీలి మధ్యలో ఇజోలో అనే లంక ఉండేది. ఆ పాయ పేరు 'ఆక్వా మోర్తా', అంటే చచ్చిన నీరు. దాన్ని పూడ్చేశారు. పూడ్చిన చోట ఇప్పుడు నడిచే వీధి పేరు 'ఇంతెర్రాతో దెల్ల్'ఆక్వా మోర్తా', అంటే చచ్చిన నీటిని పూడ్చిన చోటు. పేరులోనే సంగతంతా ఉంది.

గోడ ఒక్కటే సరిపోదని తర్వాత సొరంగం తవ్వారు. ఎగువన మోరి దగ్గర ఆదిజె నుంచి తోర్బోలె దగ్గర గార్దా సరస్సులోకి సుమారు 10 కిలోమీటర్లు. 1939లో మొదలై, యుద్ధంతో ఆగి, 1959లో పూర్తయింది. సామర్థ్యం సెకనుకు 500 ఘనమీటర్లు, మన లెక్కలో దాదాపు 17,650 క్యూసెక్కులు. గార్దా వైశాల్యం 370 చదరపు కిలోమీటర్లు కాబట్టి గంటసేపు పూర్తిగా వదిలినా సరస్సు అర సెంటీమీటరు కూడా లేవదు. అయినా ఊరికే తెరవరు. ఆదిజె నీరు చల్లన, పైగా బురద. సరస్సు నిండుగా ఉంటే దాని ఒడ్డు ఊళ్లు ఒప్పుకోవు. 2018 అక్టోబరు 29 తుపానుకు మాత్రం తెరిచారు. దీని తవ్వకానికి మూల్యం కూడా పడింది. దారిలోని లోప్పియో సరస్సు నీరు సొరంగంలోకి ఇంకిపోయి, 1950లలో సరస్సే ఎండిపోయింది.

అన్నం తినేవాళ్లం కనుక ఒక చిన్న పక్కదారి. ఊరికి దక్షిణాన ఇజోలా దెల్లా స్కాలా పొలాల్లో నేలలోంచి ఉబికే ఊటనీటితో 'వియలోనె నానో' వరి పండిస్తారు. దీనితో అక్కడివాళ్లు వండే పద్ధతి, రిసొత్తో అనే ఇటలీ అన్నం వంటకంలా కలుపుతూ కూర్చునేది కాదు. 350 గ్రాముల బియ్యానికి 700 మిల్లీలీటర్ల మాంసపు రసం మరిగించి, బియ్యం పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద 20 నిమిషాలు వదిలేస్తారు. మధ్యలో కలిపితే గంజి వదిలి ముద్దవుతుంది. దించాక వేయించిన మాంసం, చీజ్, దాల్చినచెక్క పొడి కలుపుతారు. అత్తెసరు వేసే మన ఇళ్లలో ఇది ఎవరికీ కొత్తగా అనిపించదు.

ఇక వంతెనలు. 1945 ఏప్రిల్ చివర్లో వెనుదిరిగిన జర్మన్ సైన్యం ఊళ్లోని వంతెనలన్నీ పేల్చేసింది. వాటిలో కాస్తెల్వెక్కియో వంతెన 1350లలో అప్పటి వెరోనా పాలకులు స్కాలిజెర్ ప్రభువులు, అంటే దెల్లా స్కాలా వంశం వాళ్లు, కట్టించినది, దాని పెద్ద కమాను 48.7 మీటర్లు. పోంతె పియెత్రా రోమన్ల నాటిది, దాని అయిదు కమానుల్లో నాలుగు కూలాయి. పురావస్తు పరిరక్షణాధికారి పియెరో గాద్జోలా వీటిని ఉన్నచోటే, ఉన్న రాయితోనే లేపాలని పట్టుబట్టాడు. కాస్తెల్వెక్కియో వంతెన 1951కి పూర్తయింది. పోంతె పియెత్రా పని 1957 నుంచి 1959 వరకు సాగింది. నది అడుగునుంచి రాళ్లు తీసి, పాత ఫొటోలతో పోల్చుతూ ఏది ఎక్కడిదో తేల్చారు. రోమన్ కమానులో ప్రతి రాయీ ఆ చోటికే చెక్కిన ముక్క. వంపు, అంచు, అతుకు చూసి దాని స్థానం పట్టుకోవచ్చు. ఇటుకకు ఆ గుర్తు ఉండదు, అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే తర్వాతి శతాబ్దాల ఇటుక కమానులను కొత్త ఇటుకతో నింపక తప్పలేదు. ఇదే గాద్జోలా తర్వాత, పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ పత్రం 1964 వెనిస్ చార్టర్ రూపకల్పనలో ముఖ్యుడయ్యాడు.

అక్కడికి వెళ్తే ముందు ఎడమ గట్టున కాస్తెల్ సాన్ పియెత్రో గుట్ట ఎక్కండి. నది మెలిక మొత్తం అక్కడి నుంచే కనబడుతుంది. తర్వాత దిగి పోంతె పియెత్రాకు పక్కగా, నీటికి దగ్గరగా నిలబడి చూడండి. ఎడమ గట్టు వైపు రెండు కమానులు తెల్లరాయి, అవి రోమన్లవి. మిగతా కమానుల్లో ఇటుక ఎర్రగా కనిపిస్తుంది. కుడి గట్టున బురుజు కింద ఉన్న చివరి కమాను 1298లో అల్బెర్తో దెల్లా స్కాలా తిరిగి కట్టించినది. 1945లో కూలకుండా మిగిలింది అదొక్కటే.