చెంబు చప్పుడుకే చేపే గేదె

శ్రోతలకు నమస్కారం. చీపురుపల్లి వైపు పాడి ఉన్న ఇంటికి తెల్లవారుజామున వెళ్లి చూడండి. చెంబు చప్పుడైతే చాలు, దూడను విప్పకముందే గేదె చేపుతుంది. చనుమొన చివర పాలు చుక్క కట్టి నిలుస్తాయి. దూడ మూతి తగిలితే చేపడం పుట్టుకతో వచ్చినది. చెంబు సంగతి మాత్రం రోజూ విని నేర్చుకున్నది.

చేపును నడిపేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్. అక్కడ తయారైన ఆక్సిటోసిన్ అనే హార్మోన్, దాని కిందే ఉన్న పీయూష గ్రంథి నుంచి రక్తంలో కలిసి పొదుగుకు చేరి, పాలను కిందికి నెడుతుంది. ఎవరో కొత్త మనిషి వచ్చి అదిలిస్తే బెదురుతో ఊరే అడ్రినలిన్ హార్మోన్ అడ్డుపడుతుంది, గేదె ఎగజేపుతుంది, అంటే పాలు దిగనివ్వదు. పొగరని కర్ర తీసేవాళ్లూ ఉన్నారు. కొడితే దిగే పాలు కూడా దిగవు!

మరి ఆ కర్ర భయం ఎక్కడ నిలుస్తుంది? ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే కాళ్లకు చిన్న కరెంటు షాకు ఇచ్చారు. తర్వాత ఆ శబ్దం వింటేనే కొయ్యబారిపోయేవి. మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం దెబ్బతిన్న ఎలుకల్లో ఈ భయం కనబడలేదు. 1992లో వెలువడిన పరిశోధనల్లో ఇంకో విశేషం తేలింది. మెదడులోనే హిప్పోకాంపస్ అనే మరో భాగం దెబ్బతిన్న ఎలుక శబ్దానికి భయపడుతుంది కానీ, షాకు తగిలిన పెట్టెలోనే మళ్లీ వదిలితే నిశ్చింతగా తిరుగుతుంది. చప్పుడు గుర్తుంది, చోటు గుర్తు లేదు.

గంట వింటే కుక్కకు లాలాజలం ఊరడం గురించి చెప్పిన పావ్లోవ్, ఇలాంటి నేర్పంతా మెదడు పైపొరలోనే ఉంటుందనుకున్నాడు. 1980లలో రిచర్డ్ థాంప్సన్ బృందం కుందేళ్లకు శబ్దం వినిపించి, వెనువెంటనే కంటి మీదికి గాలి ఊదింది. కొన్నాళ్లకు గాలి తగలకముందే, సరిగ్గా ఆ క్షణానికే రెప్ప వాల్చడం అవి నేర్చాయి. చిన్నమెదడులో ఒక చిన్న భాగాన్ని తీసేస్తే ఆ నేర్పు పోయింది; గాలి తగిలితే రెప్ప వాల్చడం మాత్రం పోలేదు. తల వెనుక ఒదిగి ఉండే చిన్నమెదడుకు ఇంత పని ఉందని అప్పటివరకు ఎందరు అనుకున్నారు?

కొట్టడం మానేస్తే భయం తగ్గుతుంది, చెరిగిపోదు. నుదుటి వెనుక ఉండే ముందరి మెదడు అమిగ్డలాను అదుపులో పెడుతుంది, అంతే. ఆ అదుపు నేర్చుకున్న చోట బాగా పనిచేస్తుంది, చోటు మారితే సడలుతుంది. అలా భయం తగ్గిన ఎలుకను వేరే పెట్టెలోకి మార్చి ఆ శబ్దం వినిపిస్తే పాత భయం మళ్లీ తలెత్తుతుంది. ఇంటి దగ్గర మచ్చికైన గేదె మానాపురం సంతలో కర్ర చూసి పలుపు తెంపుకుంటే, ఆ తప్పు దానిది కాదు.