పాత యాక్సెస్ ఫారాలు, కొత్త మైఎస్‌క్యూఎల్ టేబుల్స్: పలాస జీడిపప్పు దుకాణంలో వాడి చూశాం

అందరికీ నమస్కారం. ఈ వీడియో పలాస నుంచి చేస్తున్నాను. మా మావయ్యకి కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం ఉంది. స్టాక్ ఎంట్రీ అంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లోనే. కంప్యూటర్ ఒక్కటే ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. గోడౌన్‌లో రెండోది పెట్టాక ఇక్కడో ఫైలు, అక్కడో ఫైలు అయ్యాయి. సాయంత్రం బస్తాల లెక్క కలిసేది కాదు. అందుకే డేటాని మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌కి మార్చి, ఆ టేబుల్స్‌ని ఓడీబీసీతో, అంటే ఒక ప్రోగ్రామ్‌ని వేరే డేటాబేస్‌తో కలిపే పద్ధతితో, యాక్సెస్‌కి లింక్ చేశాం. ఫారాలు మాత్రం పాతవే, కాబట్టి మావయ్య కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

స్క్రీన్ చూడండి. ఎక్స్‌టర్నల్ డేటా, న్యూ డేటా సోర్స్, ఫ్రమ్ అదర్ సోర్సెస్, ఓడీబీసీ డేటాబేస్. ఇక్కడ ఇంపోర్ట్, లింక్ అని రెండు ఉంటాయి. ఇంపోర్ట్ కొడితే వచ్చేది నకలు మాత్రమే. లింక్ పెట్టండి. టేబుల్ పేరు పక్కన చిన్న గ్లోబ్ బొమ్మ వచ్చిందా? ఇక డేటా సర్వర్‌లోనే ఉంటుంది.

ఈ రెండింటినీ కలిపే సాఫ్ట్‌వేర్, అదే ఓడీబీసీ డ్రైవర్, లిస్టులో కనబడకపోతే టెన్షన్ పడకండి. మీ యాక్సెస్ 32 బిట్ అయితే డ్రైవర్ కూడా 32 బిట్‌దే వేయాలి, 64 అయితే 64. విండోస్ ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మేం రెండు రోజులు తలపట్టుకున్న సంగతి. టేబుల్ తెరిస్తే జీడిపప్పులో 320 రకం, 240 రకం ఏవీ లేవు, ప్రతి గడిలోనూ డిలీటెడ్ అనే! మావయ్య ముఖం పాలిపోయింది. సర్వర్‌లో చూస్తే డేటా భద్రంగానే ఉంది. సంగతేమిటంటే, ఒక్కో వరసనీ గుర్తుపట్టే ప్రైమరీ కీని నేను బిగ్‌ఇంట్‌గా, అంటే చాలా పెద్ద అంకెలు పట్టే రకంగా పెట్టాను. మా యాక్సెస్ అంత పెద్ద అంకెను కీగా సరిగ్గా చదవలేకపోయింది. దాన్ని మామూలు ఇంట్ (అంతకంటే చిన్న అంకెల రకం)గా మార్చి మళ్లీ లింక్ చేస్తే అన్నీ కనిపించాయి. అసలు కీ లేని టేబుల్ అయితే చూడ్డానికే తప్ప మార్చడానికి వీలుండదు.

స్పీడ్ విషయంలో పూర్తి మార్కులు ఇవ్వను. క్వెరీలో, అంటే టేబుల్ నుంచి డేటా అడిగేచోట, మనం వీబీఏలో (యాక్సెస్‌లోని ప్రోగ్రామింగ్ భాష) రాసుకున్న ఫంక్షన్‌తో వడపోస్తే, వరసలన్నీ నెట్‌వర్క్ మీదుగా ఇటు వచ్చి పడతాయి. పెద్ద రిపోర్టులకి నేరుగా సర్వర్‌కే వెళ్లే పాస్‌త్రూ క్వెరీ రాయండి, పని సర్వర్ దగ్గరే అయిపోతుంది.

ఇంకొకటి, దయచేసి గుర్తుంచుకోండి. లింక్ తీసేస్తే పోయేది లింకే. కానీ లింక్ చేసిన టేబుల్ తెరిచి ఒక వరస చెరిపితే, అది సర్వర్‌లోనూ పోతుంది. గోడౌన్‌లో కూర్చున్న కుర్రాడి లాగిన్‌కి డిలీట్ పర్మిషన్ మేం ఇవ్వలేదు.